రూపాయి బిళ్ళంత మచ్చ

"విషం కాదండీ," అంది డాక్టర్ శృతి. "అని నోటితో చెప్పగలను. కాగితం మీద రాయలేను."

డిటెక్టివ్ అనంతకృష్ణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తెల్లవారుతూనే రాజమండ్రిలో బస్సెక్కి, అమలాపురంలో దిగి తిన్నగా ఈ ఆసుపత్రికే వచ్చాడు. కాఫీ కూడా తాగలేదు.

"ఎందుకు రాయలేరు?"

"పొట్టలోవి సీసాల్లో పెట్టి ల్యాబుకి పంపాం. ఆ రిపోర్టు వచ్చేదాకా విషం లేదని రాసే అధికారం నాకు లేదు. నెలకొస్తుందో రెండు నెలలకొస్తుందో వాళ్ళ దయ."

"సరే, రాయొద్దు. నాకు చెప్పండి. చంద్రరావు గారు దేనివల్ల పోయారు?"

పోస్ట్‌మార్టమ్ చేసిన మనిషి ఆవిడే. ముప్ఫై దాటని పిల్ల. మాట మాత్రం తడబడదు.

"ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాగా ఒక కండ ఉంటుందండి. ఆయనకి ఎడమవైపు ఆ కండలో కన్నం ఉంది. రెండు వేళ్ళు పట్టేంత. అందులోంచి జీర్ణకోశం సగం, పేగు కొంత పైకెక్కి ఊపిరితిత్తి పక్కన కూచున్నాయి. ఆ రాత్రి అక్కడే బిగుసుకుపోయి, రక్తం ఆడక నల్లబడిపోయాయి. పోయింది అందుకే."

"కన్నం ఎప్పటిది?"

"పాతదండీ. అంచులు నున్నగా మానిపోయి ఉన్నాయి. ఐదేళ్ళ కిందటిది అనుకోవచ్చు. దానికి ఎదురుగా, ఎడమ పక్కటెముకల దగ్గర రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, కుట్లు వేసిన గుర్తులతో. మొన ఉన్న వస్తువేదో అక్కడ దిగింది. పైన కుట్టేశారు. లోపల కండ చిరిగిన సంగతి ఎవరికీ తెలీలేదు. అలాంటి గాయం మనిషిని ఏళ్ళ తరబడి తిరగనిస్తుంది. తిన్నాక ఆయాసం వస్తుంది, ఎడమ భుజంలో పోటు వస్తుంది, అందరూ గ్యాసంటారు. ఏదో ఒక రోజు కడుపు నిండా తింటాడు, అంతే."

"ముందే చూపించుకునుంటే?"

"ఒక్క ఎక్స్‌రే చాలండి. ఆపరేషన్ చేసి కిందికి దించి కుట్టేస్తే హాయిగా బతికేవాడు. నాకు అర్థం కానిది అదే. కలిగిన రైతు కదా. అంత బాధ పడుతూ ఒక్కసారైనా డాక్టరు గుమ్మం ఎందుకు ఎక్కలేదు?"

అనంతకృష్ణ ఆ ప్రశ్ననే వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. కేసు అప్పగించిన గణేష్‌బాబు గేటు దగ్గర మోటారు సైకిలు స్టార్టు చేసి సిద్ధంగా ఉన్నాడు. పోయిన చంద్రరావుకి స్వయానా బావమరిది. అక్క మీద హత్య కేసు పడబోతోందని ఆ పిల్లవాడు నిన్న రాజమండ్రి ఆఫీసులో కూర్చుని మనిషన్నవాడికి చూడబుద్ధి కానట్టు ఏడ్చాడు.

సంగతి చెప్పాలంటే నాలుగు ముక్కలే. వేగిలంక చంద్రరావు కార్తీక సోమవారం ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరుడి దర్శనం చేసుకుని, పగలంతా ఉపవాసం ఉండి, చుక్కలు చూశాక భోజనానికి కూర్చున్నాడు. భోజనమయ్యాక పెళ్ళాం మంగతాయారు మజ్జిగలో పొడి కలిపి ఇచ్చింది. ఆ రాత్రంతా మెలికలు తిరిగిపోయాడు. తెల్లారి కారులో అమలాపురం తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆసుపత్రి గుమ్మంలోనే చంద్రరావు తల్లి శ్యామలాంబ కోడలి జుట్టు పట్టుకుని, "మందు పెట్టి చంపేశావే" అని అరిచింది. నలుగురూ విన్నారు. అందులో ఒకడు పేపరువాడు. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం కదా, మర్నాటికి జిల్లా అంతా అదే మాట.

* * *

వేగిలంకలో ఆ ఇంటి ముందు పోలీసు జీపు అప్పటికే ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సత్యప్రసాద్ అరుగు మీద కుర్చీ వేయించుకుని కొబ్బరి నీళ్ళు తాగుతున్నాడు. ఆయనకీ అనంతకృష్ణకీ రెండేళ్ళ నుంచి పడదు. కాకినాడలో ఒక నగల దొంగతనం కేసులో సత్యప్రసాద్ పట్టుకున్న పనిమనిషి నిర్దోషి అని అనంతకృష్ణ కోర్టులో తేల్చాడు. ఆ అవమానం ఆయన ఇంకా మర్చిపోలేదు.

"రండి రండి, అనంతకృష్ణ గారూ. పేపర్లో ఏదైనా కేసు కనపడితే చాలు, ఈగలా వాలిపోతారు."

"పేపర్లో పడింది తమరి మాటే కదండీ. 'భార్యే విషమిచ్చినట్టు ఆధారాలు' అన్నారు. ఆ ఆధారాలేవో చూద్దామని వచ్చాను."

"పొడి డబ్బా సీజు చేశాం. అటక మీద పురుగులకి చల్లే గుళికల మందు ప్యాకెట్టు దొరికింది."

"వేగిలంకలో గుళికల మందు లేని రైతు ఇల్లు ఒక్కటి చూపించండి, ఇటునుంచిటే బస్సెక్కేస్తాను."

సత్యప్రసాద్ మొహం ముడుచుకుంది. "సాయంత్రం నాలుగింటికి అరెస్టు చేస్తున్నాను. పదోరోజు అయ్యేదాకా ఆగమని పెద్దలడిగారు. ఎస్పీ గారు ఒప్పుకోలేదు. అంతవరకూ మీరు ఎవరితో ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి. తర్వాత నా పనికి అడ్డం రాకండి."

"డాక్టరు గారు పాత గాయమంటున్నారు."

"ఆవిడ రాసింది చదివాను. విషం లేదని ఎక్కడా రాయలేదు." ఆయన ఖాళీ బొండాం కింద పెట్టాడు. గొంతు తగ్గించి, "పేపరుకి మాటిచ్చాక వెనక్కి తీసుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?" అన్నాడు.

అది బెదిరింపులా లేదు, నిజంలా ఉంది. ఒక పోలీసు అధికారి పరువు కోసం ఒక ఆడమనిషి జైలుకి వెళ్ళాలన్నమాట. అనంతకృష్ణకి ఒళ్ళు మండింది కానీ, టైము ఒంటిగంట దాటుతోంది. నోరు పారేసుకునే వేళ కాదు.

శ్యామలాంబ ముందు గదిలో మంచం మీద కూర్చునుంది. డెబ్బై దాటినా నిటారుగా కూర్చునే మనిషి. కొడుకు పోయిన దగ్గర్నుంచీ కోడలి చేతి నీళ్ళు ముట్టలేదట. పక్కింటివాళ్ళు కేరేజీ పంపిస్తున్నారు.

"ఆ రాత్రి భోజనంలో ఏమున్నాయండీ?" అడిగాడు అనంతకృష్ణ.

"గారెలు, పులిహోర, కందాబచ్చలి కూర, పరవాణ్ణం. అది కొంచెం కొంచెం వడ్డిస్తుంటే నేనే కసిరాను. రోజూ పిట్టలా తింటాడు, పండగపూటైనా తిననియ్యవే అన్నాను. దగ్గర కూచుని నేనే తినిపించాను బాబూ."

"మీరూ అవే తిన్నారా?"

"తిన్నాను. మజ్జిగ తాగలేదు. పొడి దాని చేత్తో కలిపింది వాడొక్కడికే."

"ఆ పొడి రోజూ ఇచ్చేదేనటగా. వాము, శొంఠి, ఇంగువ."

"రోజూ ఇచ్చిన పొడే ఆవాళ కూడా ఇచ్చిందని నీకెవరు చెప్పారు?" ఆవిడ మంచం కోడు పట్టుకుంది. "పేగులు నల్లబడిపోయాయంట. అక్కడి బంట్రోతు చెప్పాడు. మందు పడకుండా పేగులు నల్లబడతాయా?"

"జబ్బు చేసినా నల్లబడతాయండి."

"మా వంశంలో ఎవరికీ ఆ జబ్బు లేదు."

నల్లబడిన పేగంటే విషమే అని ఈ పక్క పెద్దవాళ్ళంతా నమ్ముతారు. పుట్టింది కోనసీమలోనే కాబట్టి అనంతకృష్ణకి ఆ సంగతి కొత్త కాదు. వాదించి లాభం లేదనుకుని వేరే దారి పట్టాడు.

"మీ అబ్బాయికి ఎడమ పక్కన పాత మచ్చ ఒకటుంది. అదెలా వచ్చిందండీ?"

అంతవరకూ కళ్ళలోకి చూస్తూ మాట్లాడిన మనిషి గోడకేసి తిరిగింది. "కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. తుఫాను వెళ్ళిన మరుసటి వేసంగి."

"ఎవరు చూశారు?"

"పడ్డానని వాడే చెప్పాడు. ఇంకెవరు చూడాలి?"

ఆవిడ చీర కొంగు నిండా కప్పుకుని పడుకుంది.

* * *

"నీకు ఆ చెట్టు తెలుసా?" దొడ్లోకి నడుస్తూ అడిగాడు అనంతకృష్ణ.

గణేష్‌బాబు తోట చూపించాడు. "ఇదేనండీ, ఇక్కడే ఏదో చెట్టు. బావగారు అలాగే చెప్పేవారు. కాకినాడ వెళ్ళి కుట్లు వేయించుకున్నారు."

అనంతకృష్ణ తోటంతా ఒక చూపు చూశాడు. చెట్లన్నీ ఒకే ఎత్తున, ఒకే వరసలో ఉన్నాయి. మొదళ్ళు బలంగా ఉన్నాయి, గెలలు మాత్రం నిలబడి చేత్తో అందుకునేటట్టున్నాయి. వాటి మధ్య అక్కడక్కడ పాత మొద్దులు నేలకి సమంగా నరికి ఉన్నాయి.

"ఇవి ఎప్పుడు వేశారు?"

"తొంభై ఆరు తుఫాను తర్వాతండి. పాతవి ఒక్కటి మిగల్లేదు కదా."

"అంటే మరుసటి వేసంగికి ఇవి మోకాలెత్తు మొక్కలు. మోకాలెత్తు మొక్క మీంచి పడితే పక్కటెముకలు చీలతాయా?"

గణేష్‌బాబు బిత్తరపోయాడు. ఐదేళ్ళ నుంచి విన్నమాటే, ఒక్కనాడూ ఆలోచించలేదు.

"ఇంకోటి. మీ బావగారు రైతు. కాయలు దింపు తీయడానికి కూలీలుంటారు. కాళ్ళకి తాడు బందం వేసుకుని చెట్టెక్కే రైతుని నువ్వెక్కడైనా చూశావా? కాకినాడలో కుట్లేసిన డాక్టరుకి ఈ సంగతులు తెలీవు, నమ్మాడు. మరి ఊళ్ళోవాళ్ళకి తెలుసు కదా?"

"తెలిసే ఉంటుందండీ," అన్నాడు ఆ కుర్రాడు తల దించుకుని. "ఎవరూ అడగలేదు. పెద్దింటి విషయం కదా."

అడగలేదు. మర్యాద కోసం ఊరు ఊరంతా నమ్మినట్టు నటించింది. మన ఊళ్ళలో మర్యాదకి అంత బలం ఉంది. ఒక్కడంటే ఒక్కడు 'అదేం మాటయ్యా, చెట్లెక్కడున్నాయి' అని నవ్వేసి ఉంటే, చంద్రరావు దాచుకోడానికి ఇంకేం మిగిలేది కాదు.

అనంతకృష్ణ వెనక్కి వచ్చి వంటింటి వెనక గుమ్మంలో నిలబడ్డాడు. ఎత్తు గుమ్మం, నాలుగు మెట్లు, కింద ఇటిక పరిచిన నేల. ఒక పక్క రోలు, ఒక పక్క నీళ్ళ గాబు. చూసినకొద్దీ ఏదో లోటు కనిపిస్తోంది. ఏంటది?

తన చిన్నప్పటి ఇల్లు గుర్తు చేసుకున్నాడు. మేనమామల ఇల్లు, పక్కిళ్ళు, అన్నీ తలుచుకున్నాడు. కోనసీమలో పూటకో కొబ్బరికాయ లేకుండా కూర ఉడకదు. ప్రతి ఇంటి దొడ్డిగుమ్మం దగ్గరా, కాయ ఒలుచుకోడానికి మొన పైకి పెట్టి పాతిన ఇనుప గునపం ఒకటి ఉంటుంది.

"ఈ ఇంట్లో కాయలెక్కడ ఒలుస్తారు?"

"తోట చివర పాకలోనండి."

"కూరకి ఒక్క కాయ కావాలంటే మీ అక్క అంత దూరం వెళ్తుందా?"

"వెళ్తుందండీ. ఇక్కడ గునపం బావగారే తీయించేశారు. ఎందుకో తెలీదు."

మెట్ల పక్కన, ఇటికల మధ్య అరచేతి వెడల్పున సిమెంటు ముద్ద ఉంది. అనంతకృష్ణ పై మెట్టు మీద నిలబడి కిందికి చూశాడు. ఇక్కడి నుంచి ఎవరైనా తోస్తే, ఒక పక్కకి ఒరిగి పడ్డ మనిషి ఎడమ డొక్క సరిగ్గా అక్కడికే వస్తుంది.

చెట్టు లేదు, పడడం మాత్రం నిజం. మరి తోసిందెవరు?

అప్పటికి మూడుంబావు.

* * *

మంగతాయారు వంటింట్లో ఒక మూల చాప మీద కూర్చునుంది. నలభై దాటిన మనిషి. మెళ్ళో పుస్తెలు ఇంకా ఉన్నాయి, పదోరోజున తీస్తారు. తమ్ముణ్ణి బయట ఉండమని అనంతకృష్ణ గుమ్మానికి ఇవతలే కూర్చున్నాడు.

ఇలాంటి సమయంలో ఒక ఆడకూతుర్ని ప్రశ్నలడగడం అతనికి ఎప్పుడూ సిగ్గుగానే ఉంటుంది. ఆ సిగ్గు దిగమింగుకునే బతుకుతున్నాడు.

"అమ్మా, చెట్టు మీంచి పడలేదని నాకు తెలిసింది. మెట్ల మీంచి గునపం మీద పడ్డారు. మీవారు తాగి మిమ్మల్ని కొట్టేవారని మీ తమ్ముడు చెప్పాడు."

ఆవిడ చాప అంచు సర్దుకుంది.

"కొడుతుంటే ఎవరైనా తోస్తారమ్మా. అందులో తప్పు లేదు. మీరు తోశానని చెప్పండి. డాక్టరుగారు కోర్టులో చెప్తారు. ఐదేళ్ళ కిందట ప్రాణం కాపాడుకోడానికి తోసిన తోపుకి ఎవరూ ఉరి వెయ్యరు. ఈ విషం కేసు మాత్రం మీ మెడకి చుట్టుకుంటుంది."

"నేను తొయ్యలేదండీ."

"మరి ఎవరు?"

"మీరు వెళ్ళిపోండి బాబూ. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ నిజంగానే చేతులు జోడించింది. ఆ ఇంట్లో అప్పుడున్నది ముగ్గురే. ఒకరు పడ్డారు. ఒకరు తొయ్యలేదంటున్నారు. అబద్ధం చెప్పేవాళ్ళని చాలామందిని చూశాడు అనంతకృష్ణ, ఈవిడ చెప్పడంలేదు. మరి మిగిలినదెవరో లెక్క కట్టడానికి డిటెక్టివే అక్కర్లేదు. గోడకేసి తిరిగిన ముసలి మొహం అతనికి గుర్తొచ్చింది.

"శ్యామలాంబ గారా?"

మంగతాయారు చప్పున లేచి వచ్చి గుమ్మం దగ్గర కూలబడింది. "గట్టిగా అనకండి. వినపడుతుంది."

"ఆవిడకి తెలీదా?"

"గీసుకుందనుకుంటుందండీ. అంతే తెలుసు." ఆ తర్వాత మాట ఆగలేదు. "తుఫానుకి తోటంతా పోయాక ఆయన బాగా తాగేవారు. పిల్లలు లేరని నన్నే తిట్టేవారు, కొట్టేవారు. ఆ రోజు ఈ మెట్ల మీదే జుట్టు పట్టుకుని కొడుతుంటే అత్తయ్య వచ్చి అడ్డం పడింది. ఒరేయ్ వదలరా అని రెండు చేతులతో తోసేసింది. పడ్డారు. లేచి తువ్వాలు నొక్కుకుని, ఏం లేదమ్మా, గీసుకుంది అని నవ్వారు. ఆవిడ భయపడుతుందని నవ్వారండీ. నన్ను తీసుకుని కాకినాడ వెళ్ళి కుట్లు వేయించుకున్నారు. అమ్మ తోసిందని చెప్పడానికి మొహం చెల్లక చెట్టు మీంచి పడ్డానన్నారు. ఆ రోజు నుంచీ మందు ముట్టలేదు. నా మీద చెయ్యెత్తలేదు."

"మరి ఆయాసం వస్తుంటే డాక్టరుకి ఎందుకు చూపించలేదు?"

"ఎన్నిసార్లు బతిమాలానో ఆ దేవుడికి తెలుసు. ఎక్స్‌రే ఫొటో తీస్తే ఈ దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడుగుతాడే, చెట్టు కథ ప్రతి డాక్టరూ నమ్మడు, ఏం చెప్పను, పెళ్ళాన్ని కొడుతుంటే మా అమ్మ తోసిందని చెప్పనా అనేవారు. అందుకే పొడి. అందుకే పిట్టలా తినడం. ఆవాళ అత్తయ్య దగ్గర కూచుని తినమంటుంటే ఆవిడ మాట తీసెయ్యలేక తిన్నారు."

అనంతకృష్ణకి తల కొట్టేసినట్టయింది. డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదన్నమాట. మనిషిని చంపింది గునపం కాదు, ఎలా తగిలిందని ఎవరైనా అడుగుతారన్న భయం. ఆ అడిగే పనే తన వృత్తి.

"మరి ఆవిడ మిమ్మల్ని అందరి ముందూ హంతకురాలంటోంది. ఒక్కమాట చెప్తే..."

"ఏమని చెప్పను?" మంగతాయారు మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "ఈ ఇంట్లో నేను దెబ్బలు తింటుంటే అడ్డం వచ్చిన ప్రాణి ఆవిడొక్కతేనండీ. కన్నకొడుకుని నా కోసం తోసింది. ఇప్పుడు నేను వెళ్ళి, అత్తయ్యా, నీ కొడుకు నీ చేత్తోనే పోయాడు అని చెప్పమంటారా? నన్ను తిట్టుకుంటే బతుకుతుంది. ఇది తెలిస్తే ఆ పూటే పోతుంది. మీరు ఎవరితోనూ అననని మాటియ్యండి."

మాటివ్వకూడదని అతనికి తెలుసు. అయినా ఇచ్చాడు.

* * *

నాలుగయ్యేసరికి వాకిట్లో పాతికమంది పోగయ్యారు. ఆడ కానిస్టేబుల్ మంగతాయారుని బయటికి తీసుకొచ్చింది. తలుపు చాటు నుంచి పక్కింటి ఆడవాళ్ళు తొంగిచూశారు. జీపు దగ్గర అనంతకృష్ణ అడ్డం నిలబడ్డాడు.

"సత్యప్రసాద్ గారూ, ఒక్కమాట. ఐదేళ్ళ కిందట దొడ్లో గునపం దిగి లోపలి కండ చిరిగింది. ఆ గునపం తీసేసి సిమెంటు పూసిన చోటు చూపిస్తాను. పోస్ట్‌మార్టమ్‌లో రాసింది సరిగ్గా ఆ గాయమే. ఆవిణ్ణి వదిలెయ్యండి, ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగండి."

"గునపం దిగిందా? ఎలా దిగింది?"

"పడ్డారు."

"తనంతట తనే పడ్డాడా, ఎవరైనా తోశారా?"

అనంతకృష్ణ నీళ్ళు నమిలాడు. ఇరవయ్యేళ్ళుగా ఎదుటివాళ్ళ చేత నీళ్ళు నమిలించిన మనిషి, పాతికమంది ముందు తనే నమలాల్సి వచ్చింది.

సత్యప్రసాద్ నవ్వాడు. "చెప్పరు. ఎందుకంటే అదీ ఈవిడ పనే కాబట్టి. అప్పుడు గునపంతో పొడిచింది, చావలేదు. ఇప్పుడు మజ్జిగలో కలిపింది." వాకిట్లో అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "కేసు ఇంకా గట్టిపడింది, థాంక్సండీ."

"ఆగు బాబూ."

శ్యామలాంబ గుమ్మం పట్టుకుని నిలబడింది. జనం ఆవిడకి దారిచ్చారు. ఒక్కో అడుగే వేసుకుంటూ జీపు దాకా వచ్చింది.

"మందు పెట్టింది ఇదే. దాని పాపాన అదే పోతుంది. కానీ చెయ్యని పని కూడా దాని నెత్తిన రుద్దకు. నేను అబద్ధం ఆడను. ఆ గునపం దెబ్బ ఇది చెయ్యలేదు."

"అత్తయ్యా, మీరు లోపలికెళ్ళండి," అంది మంగతాయారు.

"నువ్వు నోర్ముయ్." ఆవిడ మళ్ళీ సత్యప్రసాద్ వైపు తిరిగింది. "ఇంటి గుట్టని ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నా కొడుకు తాగి దీన్ని కొడుతుంటే నేనే తోశాను. ఈ చేతులతోనే. మెట్ల మీంచి దొర్లి గునపం మీద పడ్డాడు. రవ్వంత గీసుకుంది, నవ్వుతూ లేచాడు. అంతే జరిగింది. అది దీని మీద వెయ్యకు."

సత్యప్రసాద్ పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చదివిన మనిషి. ఆయన మొహంలో రంగు మారడం అనంతకృష్ణ చూశాడు. గెలిచినవాడి మొహం కాదది. వినకూడనిది విని, ఎటు చూడాలో తెలియక, చేతిలో టోపీ కేసి చూస్తున్నాడు.

శ్యామలాంబ ఆ మొహం చూసింది. తర్వాత అనంతకృష్ణ మొహం చూసింది. అతను చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఏంటి, అందరూ అలా చూస్తారేంటి?" అంది ఆవిడ. "ఆ డాక్టరమ్మ ఏమంది? గాయమన్నారు, ఏ గాయం? ఎటు పక్క?"

ఆవిడ చెయ్యి మెల్లగా తన ఎడమ డొక్క మీదికి పోయింది.

"నేనే పెట్టానత్తయ్యా."

మంగతాయారు కానిస్టేబుల్ చెయ్యి విడిపించుకుని అత్తగారికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక్క వణుకు లేదు మాటలో. "గుళికల మందు. పొడిలో నూరి మజ్జిగలో కలిపాను. మీరు చెప్పిందే నిజం. ఆ పాత గాయానికీ దీనికీ ఏం సంబంధం లేదు."

"అక్కా," అని గణేష్‌బాబు ముందుకి ఉరకబోతే ఎవరో రెక్క పట్టుకుని ఆపారు.

శ్యామలాంబ చెయ్యి డొక్క మీంచి జారింది. అలాగే మట్టిలో కూలబడి, "చెప్పానా, నేను చెప్పలేదా," అని నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపులో కసి ఉంది, దుఃఖం ఉంది, వాటికింద ఆవిడకే తెలియని ఊరట కూడా ఉంది. అనంతకృష్ణకి అది వినపడింది.

సత్యప్రసాద్ అతని పక్కకి వచ్చాడు. ఎవరికీ వినపడకుండా అన్నాడు. "పాతికమంది సాక్షుల ముందు ఒప్పుకుంది. ఇది అబద్ధమని మీకు తెలుసు, నాకూ తెలుసు. నిజం రాయాలంటే ముసలావిడకి చెప్పాలి. ఇప్పుడే, ఇక్కడే. నా చేత కాదండీ. మీరు చెప్పగలరా?"

జీపెక్కుతూ మంగతాయారు తమ్ముడి కోసం చూసింది.

"పక్కింటివాళ్ళ కూరల్లో కారమెక్కువరా, ఆవిడకి పడదు," అంది. "రాత్రికి జావ కాచి నువ్వే తీసుకెళ్ళు. నేను చెప్పానని చెప్పకు, తాగదు."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. సత్యప్రసాద్ ఇంకా జవాబు కోసం నిలబడే ఉన్నాడు. నేల మీద కూర్చున్న ముసలావిడ తలెత్తి అనంతకృష్ణ కేసి చూసింది.

"నువ్వు మంచాడివిలా ఉన్నావు బాబూ," అంది. "నువ్వు చెప్పు. అది ఒప్పుకుంది నిజమేగా?"